రికార్డు ప్రకారం ఇంకా పుట్టలేదు

మా మనవరాలికి బొత్తిగా ఓపిక లేదు. కోపంతో అంటున్న మాట కాదిది, ఆధారాలున్నాయి. మా ఇంటావంటా ఎవరూ చెప్పిన వేళకంటే ముందు ఎక్కడికీ వెళ్ళిన దాఖలా లేదు. మా ఆయన పెళ్ళిపీటల మీదికే నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చారు. మా అబ్బాయి సుధీర్ పదో తరగతి పరీక్షలన్నిటికీ గేటు మూస్తుండగా దూరిన ఘనుడు. అలాంటి వంశంలో పడి ఈ పిల్ల పది వారాలు ముందే దిగిపోయింది. మే ఇరవైకి రావలసిన మనిషి మార్చి పదకొండున వచ్చి, కిలో రెండువందల ఎనభై గ్రాముల బరువుతో గాజుపెట్టెలో పడుకుని, నన్ను చూసి “ఏం, రాకూడదా” అన్నట్టు ముఖం చిట్లించింది.

నా బాధేమిటంటే, మార్చి ఇరవై ఎనిమిదికి కోడలి సీమంతం పెట్టుకున్నాం. పెట్టుకున్నాం అనడం మర్యాదకి, పెట్టింది నేనే. నూటయాభై కార్డులు అచ్చయి ఇంటికొచ్చిన సాయంత్రమే హరిణికి నొప్పులొచ్చాయి. పిల్ల ఊపిరి అందుకుంటుందో లేదోనని డాక్టర్లు పరుగులు పెడుతుంటే నేనూ గోడకి ఆనుకుని దండం పెట్టుకుంటూనే ఉన్నాను. మధ్యలో ఒక్క క్షణం మాత్రం, దేవుడు క్షమించాలి, కార్డులు గుర్తొచ్చాయి.

మాది కాలువ వంతెన దిగగానే ఉండే ట్రస్టు ఆసుపత్రి. పేరు చెప్పను, చెబితే బోర్డు మీదున్న దాతల పేర్లన్నీ చెప్పాల్సొస్తుంది. మొదటి అంతస్తులో నెలలు నిండని పిల్లల వార్డు, అందులో పద్నాలుగు గాజుపెట్టెలు. మా పిల్లది ఏడో నంబరు. ఆ వార్డుని పద్దెనిమిదేళ్ళుగా నడుపుతున్నది సిస్టర్ సలోమి. సన్నగా, గట్టిగా, ఎప్పుడూ రబ్బరు చెప్పుల్లో చప్పుడు లేకుండా తిరిగే మనిషి. ట్యూబులైటు పిల్లల కళ్ళలో పడకుండా తన పాత నూలు చీరలు ముక్కలు చేసి పెట్టెల మీద కప్పేది. పైవాళ్ళు అవి తీయించడం, ఆవిడ మళ్ళీ కప్పడం ఏళ్ళుగా జరుగుతోందట.

నాలుగో రోజున సిస్టర్ సలోమి హరిణిని కుర్చీలో వెనక్కి వాల్చి కూర్చోబెట్టింది. గొట్టాలూ తీగలూ సర్ది, టోపీ, చిన్న గుడ్డా తప్ప ఏమీ లేని పిల్లని ఆమె రొమ్ముల మధ్య బోర్లా ఆనించి, పైనుంచి గుడ్డతో కట్టేసింది. అప్పటిదాకా తెర మీద పిల్ల గుండె లెక్కలు వీధి కుక్క వెంటపడ్డ కోడిపిల్లలా ఎగిరెగిరి పడుతున్నాయి. పది నిమిషాల్లో కుదుటపడ్డాయి. ఇంత పిల్లలు నిద్రలో ఊపిరి తీయడం మరిచిపోతారట. అరికాలు మీద తడితే గుర్తొస్తుందట. తల్లి గుండె మీద ఉన్న రెండు గంటల్లో మా పిల్ల ఒక్కసారి కూడా మరిచిపోలేదు.

“వేడి, వాసన, గుండె చప్పుడు, గొంతు, అన్నీ ఒక్కచోటే దొరుకుతాయమ్మా. బుర్ర ఎదగాల్సిన రోజులివి. ఇంతకంటే మంచి మందు నేను చూళ్ళేదు” అంది సిస్టర్. హరిణి పిల్ల వీపు మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకుంది. పెళ్ళయిన రెండేళ్ళలో ఆ అమ్మాయి అంత తృప్తిగా ఉండడం నేను చూడలేదు, నా చేతి పులిహోర తిన్నప్పుడు కూడా.

రోజూ మూడు పూటలా అలా జరిగిపోతుంటే బాగానే ఉండేది. కానీ నేను చదువుకున్నదాన్ని.

డిగ్రీలో హోంసైన్సు నాది. శిశు వికాసం అనే పేపర్లో డెబ్భై ఒక్క మార్కులొచ్చాయి. ముప్ఫై నాలుగేళ్ళుగా ఆ మార్కులు ఎవరికీ అక్కర్లేకపోయాయి. మా అబ్బాయిని పెంచేటప్పుడు వాడుదామనుకున్నాను గానీ మా అత్తగారు సాగనివ్వలేదు. ఆ మార్కులు లోపల మగ్గిపోతున్న సమయంలో ఆసుపత్రి సూపరింటెండెంటు డాక్టర్ విశ్వంభరంగారు వార్డు చూడ్డానికొచ్చారు. ఆయన కళ్ళ డాక్టరు. నవజాత శిశువుల మెదడు గురించి బెంగుళూరులో మూడు రోజుల సదస్సుకి వెళ్ళి ముందురోజే దిగారు. ఉత్సాహంతో ఉన్నారు గానీ దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక ఇబ్బంది పడుతున్నారు.

నేను ముందుకెళ్ళి, మరి వీళ్ళు ఇంకా కడుపులో ఉండాల్సిన పిల్లలు కదండీ, ఇక్కడ కూడా అచ్చం కడుపులో ఉన్నట్టే ఉంచితే మెదడు చక్కగా ఎదుగుతుందని మా పుస్తకంలో చదివాను అన్నాను. ఆయన జేబులోంచి పెన్ను తీశారు. అక్కడే ఆగిపోవాల్సింది. కానీ మనం చెప్పేది ఒక అధికారి రాసుకుంటుంటే ఆగడం ఎవరి తరం? వెలుతురుండకూడదన్నాను, చప్పుడుండకూడదన్నాను, రాకపోకలు తగ్గాలన్నాను. ఆయన ‘అచ్చం’ కింద రెండు గీతలు గీశారు.

మర్నాడు మొదటి సర్క్యులర్ వచ్చింది. ‘ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, నవజాత శిశు మస్తిష్క వికాసార్థము వార్డునందు గర్భ సదృశ వాతావరణము నెలకొల్పబడినది’ అని మొదలై, దీపాలు తగ్గించాలి, ఫోన్లు మోగరాదు, తలుపులు ధడాలున వేయరాదు అని ముగిసింది. నిజం చెప్పాలి, అది మంచి సర్క్యులరే. పద్దెనిమిదేళ్ళుగా సిస్టర్ అడుగుతున్నవన్నీ నేనొక్క పూటలో సాధించిపెట్టాను. ఆవిడ చీరముక్కలకి అధికారికంగా గుర్తింపు దొరికింది. ఆఖరి పేరాలో, సూచన అందజేసిన శ్రీమతి అలివేలు, బి.ఎస్సీ. గారిని పరివార సలహాదారుగా నియమించడమైనది అని ఉంది. ప్లాస్టిక్ బ్యాడ్జీ కూడా ఇచ్చారు. దాన్ని పెట్టుకుని కూరగాయల మార్కెట్టుకి ఎందుకెళ్ళావని మా ఆయన అడిగారు. మర్చిపోయి వెళ్ళానన్నాను. చేపల మార్కెట్టుకి కూడా మర్చిపోయే వెళ్ళాను, మేం చేపలు తినం.

మా ఆయన తాలూకాఫీసులో సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. ఇతరులు సహస్రనామం చదివే శ్రద్ధతో సర్క్యులర్లు చదువుతారు. రెండో సర్క్యులర్ వచ్చినప్పుడు వరండాలో కూర్చుని కళ్ళజోడు తుడుచుకుని మరీ చదివారు. గర్భమునందు సందర్శకులుండరు కాబట్టి తాతలకీ, తండ్రులకీ ప్రవేశం రద్దు. గర్భమునకు కిటికీ ఉండదు కాబట్టి వార్డు అద్దానికి నల్లగుడ్డ. గర్భమునందు నిరంతరము హృదయ స్పందన వినబడును కాబట్టి పెట్టెల దగ్గర స్పీకర్లు.

ఎవరి హృదయం అన్నది ఈ కార్యక్రమం కోసం ఆసుపత్రి వేసిన కమిటీలో చర్చకొచ్చిందట. పద్నాలుగు మంది తల్లులవి పద్నాలుగు రకాలుగా ఉంటాయి కాబట్టి ఏకరూపత దెబ్బతింటుంది. చివరికి ఆసుపత్రిలో ఈసీజీ బాగున్న సీనియర్ ఉద్యోగి సూపరింటెండెంటుగారే అని తేలి, ఆయన గుండెనే రికార్డు చేశారు. ఆ రోజు లిఫ్టు పనిచేయలేదు. ఆయన మెట్లెక్కి వచ్చీ రాగానే రికార్డు చేయడంతో నిమిషానికి నూటనాలుగుసార్లు కొట్టుకున్న గుండె స్పీకర్లలోకి ఎక్కింది. మధ్యమధ్య ఆయాసం కూడా వినబడుతుంది. పద్నాలుగు మంది పసిపిల్లలు ఒక కళ్ళ డాక్టరుగారి ఆయాసం వింటూ పడుకున్నారు. మా పిల్ల ముఖం చిట్లించింది గానీ అది వంశపారంపర్యమని నేను సరిపెట్టుకున్నాను.

తల్లులని మాత్రం ఇంకా లోపలికి రానిస్తున్నారు. ఆ ఒక్క కన్నం తొందర్లోనే కమిటీ కంటబడింది. మూడో సర్క్యులర్ మార్చి ఇరవై మూడున వచ్చింది. అందులో ముఖ్యమైన వాక్యం నాకు కంఠతా వచ్చు.

‘పైన ఉదహరించిన శిశువులు గర్భ సదృశ వాతావరణమునందు ఉన్నందున, అంచనా ప్రసవ తేదీ వరకు జన్మించనట్లుగానూ, వారి తల్లులు గర్భవతులుగానూ పరిగణించబడుదురు.’

మా ఆయన మూడుసార్లు చదివారు. తర్కంలో ఎక్కడా బొక్క లేదన్నారు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఇంత శుభ్రమైన డ్రాఫ్టు చూడలేదని, రాసినవాడెవడో కలిసి చెయ్యి కలపాలని ఉందని అన్నారు.

ఆపైన అన్నీ వాటంతటవే జరిగిపోయాయి. తల్లుల మంచాలు బాలింతల వార్డు నుంచి గర్భిణుల వార్డుకి మారాయి. జనన ధ్రువీకరణ పత్రాలు వెనక్కి తీసుకున్నారు. పుట్టని బిడ్డ ఆడో మగో చెప్పడం చట్టరీత్యా నేరం కాబట్టి పెట్టెల మీద ‘ఆ’, ‘మ’ అని రాసున్న చీటీలు చింపేశారు. మా వియ్యపురాలు ఏలూరు నుంచి ఫోన్ చేసి పిల్ల ఎలా ఉందని అడిగితే, బ్యాడ్జీ ఉన్నదాన్ని కాబట్టి “శిశువు క్షేమం” అని మాత్రం చెప్పాను. ఆవిడ తర్వాత మా అబ్బాయికి ఫోన్ చేసి, మీ అమ్మకి రాత్రి నిద్ర ఉంటోందా బాబూ అని అడిగిందట.

గర్భిణులకి వారం వారం పొట్ట కొలవాలి. హరిణి పొట్ట కొలిచి ‘ఎదుగుదల లేదు’ అని రాశారు. ఎదుగుదల లేకపోతే స్కానింగు తప్పనిసరి. స్కానింగు డాక్టరు నిదానస్తుడు, అడిగినవాటికే జవాబు రాసే మనిషి. ఆయనిచ్చిన రిపోర్టు ఇప్పటికీ నా దగ్గరుంది. ‘గర్భకోశమున శిశువు కనబడలేదు. శిశువు ప్రస్తుత స్థానము: మొదటి అంతస్తు, పెట్టె నంబరు ఏడు. భంగిమ: బోర్లా.’

మా సిద్ధాంతిగారికి మా ఆయన వేరే చిక్కు పెట్టారు. పదకొండో రోజున పురుడు పోసుకున్నాం, ఇప్పుడు పిల్ల పుట్టలేదంటున్నారు, ఆ పురుడు చెల్లుతుందా, మేలో మళ్ళీ పోయాలా అని. సిద్ధాంతిగారు చాలాసేపు వేళ్ళు లెక్కపెట్టి, రెండు తేదీలకీ జాతకం వేసిస్తాను, ఏది బాగుంటే అప్పుడే పుట్టిందనుకోండి అన్నారు. నన్నడిగితే ఊళ్ళో ఆసుపత్రి కమిటీకి వెళ్ళవలసిన మనిషి ఆయనే.

ఇదంతా నవ్వుకుంటూ చెబుతున్నాను గానీ, మూడో సర్క్యులర్లో ఏడో పేరా ఉంది. ‘గర్భవతి తన గర్భస్థ శిశువును ఎత్తుకొనుట ప్రకృతి విరుద్ధము.’

ఆ పేరాతో హరిణి కుర్చీ బయటికొచ్చేసింది. ముందు రెండు రోజులు తను వార్డు తలుపు పక్క గోడనానుకుని నిలబడింది. అద్దానికి నల్లగుడ్డ ఉంది కాబట్టి చూడ్డానికేమీ లేదు. ఊరికే నిలబడేది. గంట గంటకీ పాలు పిండి చిన్న సీసాలో పోసిస్తే సిస్టర్ సలోమి కొంగు కింద దాచుకుని తీసుకెళ్ళేది, గర్భవతులకి పాలుండవు కాబట్టి వాటికి రిజిస్టర్లో చోటు లేదు. వచ్చేటప్పుడు లెక్కలు చెప్పేది. ఎత్తుకున్న రోజుల్లో రోజు మొత్తం మీద ఒకటి రెండుసార్లు ఊపిరి మరిచిపోయిన పిల్ల, ఇప్పుడు రోజుకి అయిదుసార్లు, ఆరుసార్లు. రోజుకి ఇరవై గ్రాములు పెరుగుతున్నది కాస్తా నిలబడిపోయింది.

మూడో రోజున హరిణి నా దగ్గరకొచ్చింది. నన్ను అడగడం ఆ అమ్మాయికి ఇష్టం ఉండదు. చిన్న చిన్న వాటికి కూడా సుధీర్‌తో చెప్పిస్తుంది.

“అత్తయ్యా, మీరు చెబితే ఆయన వింటారు. గంట చాలు. రోజుకి ఒక్క గంట నా దగ్గరిమ్మనండి.”

నేను ఏం చెయ్యాలి? వెళ్ళి చెప్పాలి. దానికి ముందు, డెబ్భై ఒక్క మార్కులున్నదాన్ని కాబట్టి, ఉపన్యాసం ఇచ్చాను. పద్ధతి అన్నాక మనసు కాస్త కష్టపడుతుందని, పిల్ల మెదడు ముఖ్యమా మన ముచ్చట ముఖ్యమా అని, పెద్దవాళ్ళు ఊరికే నియమాలు పెట్టరని చెప్పాను. హరిణి విని తలూపింది. విన్నందుకు ఊపలేదు, అయిపోయిందా అన్నట్టు ఊపింది.

తర్వాత సూపరింటెండెంటుగారి గదికెళ్ళాను. మంచి మర్యాదస్తుడు, టీ తెప్పించారు. కోడలు దిగులుపడుతోందండీ అన్నాను. ఆయన గంభీరంగా, గర్భవతుల మానసికోల్లాసం కూడా కార్యక్రమంలో అంతర్భాగమేనని, దానికి తగు సూచనలు స్వాగతించబడునని అన్నారు. ఆయన మాట్లాడినా సర్క్యులర్ చదివినట్టే ఉంటుంది. సరిగ్గా అప్పుడు నా బుర్రలో ఒక దీపం వెలిగింది. ఆ దీపాన్ని కూడా అప్పుడే తగ్గించి ఉండాల్సింది.

హరిణి రికార్డు ప్రకారం గర్భవతి. నెలలు ఇంకా నిండలేదు. ఇరవై ఎనిమిదో తారీఖు ఇంకా రాలేదు. ఇంట్లో నూటయాభై కార్డులు చెక్కు చెదరకుండా ఉన్నాయి.

అలా పిల్లని ఎత్తుకోవడానికి గంట అడుగుదామని వెళ్ళిన మనిషిని, సీమంతానికి హాలు అడిగి వచ్చాను. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఒక్కరికే ఎందుకు, గర్భవతులందరికీ సామూహికంగా జరిపిద్దాం, కార్యక్రమానికి సాంస్కృతిక పరిపుష్టి చేకూరునన్నారు. ఇంటికొచ్చి చెబితే సుధీర్ నా ముఖం వంక చూసి, “అమ్మా, పిల్ల పుట్టి రెండు వారాలైంది” అన్నాడు. నీకు రూల్సు తెలీవు, నాన్నగారినడుగు అన్నాను. మా ఆయన, రికార్డు ప్రకారం మీ అమ్మ చెప్పిందే సరి అన్నారు. ముప్ఫై మూడేళ్ళ కాపురంలో ఆయన నాతో ఏకీభవించిన రెండో సందర్భం అది. మొదటిది కూడా తప్పే, మిక్సీ విషయంలో.

ఇరవై ఎనిమిదిన ఆసుపత్రి సమావేశ మందిరంలో పదకొండు మంది తల్లులని కుర్చీల్లో వరుసగా కూర్చోబెట్టాం. ముగ్గురు రామని ఖచ్చితంగా చెప్పేశారు, వాళ్ళకి అత్తగార్లు లేరు. మామిడాకులు కట్టారు. మా పెద్దాడపడుచు సుభద్ర నరసాపురం నుంచి చలిమిడి చేసుకొచ్చింది. నేను హరిణికి ఆకుపచ్చ పట్టుచీర కట్టించి, రెండు చేతులకీ మోచేతుల దాకా ఇరవై ఒక్కటేసి గాజులు తొడిగాను. మా వైపు సీమంతం గాజులు ప్రసవం అయ్యేదాకా తీయకూడదు, పగలకూడదు. పాట అందుకున్నాను. గొంతు బాగానే పలికింది.

సూపరింటెండెంటుగారు మాట్లాడుతూ, రాబోవు తరముల మేధస్సుకు నేడిచ్చట పునాది వేయబడుచున్నదన్నారు. ఫోటోలు తీశారు. హరిణి ఎటు తిరగమంటే అటు తిరిగింది, నవ్వమంటే నవ్వింది. నేను అక్షింతలు వేయడానికి వంగాను. పట్టుజాకెట్టు ముందు భాగం రెండు వైపులా తడిసిపోయి ఉంది. పాలు పిండే వేళ దాటిపోయింది, మేం ఫోటోలు తీయిస్తున్నాం. తను గమనించి కొంగు లాక్కుని కప్పుకుంది. గాజులు గలగలలాడాయి.

నా చేతిలో అక్షింతలు చేతిలోనే ఉండిపోయాయి. పుస్తకంలో ఈ బొమ్మ ఏ పేజీలోనూ లేదు.

అప్పుడే సిస్టర్ సలోమి హాల్లోకొచ్చింది. ఆవిడ వార్డు వదిలి కిందికి రావడం ఎవరూ చూసుండరు. తిన్నగా హరిణి దగ్గరికెళ్ళి వంగి, పాప ఈసారి చాలాసేపు ఊపిరి మరిచిపోయిందని, అరికాలు తట్టినా తీసుకోలేదని, మాస్కు పెడితే తిరిగొచ్చిందని చెప్పింది. ఇప్పుడు బాగానే ఉంది అని రెండుసార్లు అంది. తర్వాత సూపరింటెండెంటుగారి వైపు తిరిగింది.

“సార్, అయిదు రోజులు మీ కాయితం పాటించాను. ఇంక పాటించను. ఈ అమ్మాయిని పైకి తీసుకెళ్తున్నాను. రాసుకోవాల్సింది రాసుకోండి.”

సూపరింటెండెంటుగారు మైకు వదలకుండానే, ఏడో పేరాను సడలించు అధికారము కమిటీకి మాత్రమే కలదని, కమిటీ బుధవారం కూర్చుంటుందని చెప్పారు. హరిణి అప్పటికే మెట్ల దగ్గరుంది. మేమంతా వెనకాల పరుగెత్తాం. లిఫ్టు ఆ రోజు కూడా పనిచేయలేదు.

వార్డు తలుపు దగ్గర సిస్టర్ హఠాత్తుగా ఆగిపోయి హరిణి చేతుల వంక చూసింది. మోచేతుల కింద గాజు గానీ ఉంగరం గానీ ఉంటే లోపలికి రానివ్వరు. అది సర్క్యులర్ కాదు, ఆవిడ సొంత నియమం. గాజుల సందుల్లో మురికి చేరుతుంది, ఇంత పిల్లలకి అది ప్రాణం మీదకొస్తుంది. “తీసెయ్యమ్మా” అంది.

“ప్రసవం కాకుండా సీమంతం గాజులు తీస్తారటే, అరిష్టం కాదూ” అని మా సుభద్ర అడ్డంపడింది.

అక్కడ కాసేపు లోకమంతా ఆగిపోయింది. హరిణి పిల్లని కన్నట్టు రికార్డులో లేదు కాబట్టి గాజులు తీయకూడదు. గాజులుంటే లోపలికి వెళ్ళకూడదు. మే ఇరవైకి యాభై మూడు రోజులుంది. ఆ తలుపుకి ఒక తాళం సూపరింటెండెంటుగారు వేశారు, రెండోది నా చేత్తో నేను తొడిగాను. మొదటిదానికి పాటలెవరూ పాడలేదు, అదొక్కటే తేడా.

హరిణి సుభద్రతో వాదించలేదు. కుడిచేతి గాజులు ఒక్క గుప్పిట్లో పట్టుకుని గోడకేసి కొట్టడానికి చెయ్యెత్తింది. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను. గాజు గుచ్చుకుని చెయ్యి తెగితే గాయం మానేదాకా లోపలికి రానివ్వరు. సిస్టర్నడిగి కొబ్బరినూనె తెప్పించి, నేలమీద కూర్చుని, ఒక్కొక్కటే తీయడం మొదలుపెట్టాను. సుభద్ర చెవులు మూసుకుంది. నలభై రెండు గాజులు తీసేటప్పటికి నాకు చెమటలు పట్టాయి. తొడిగేటప్పుడు ఇన్ని ఎందుకనిపించలేదు.

అరిష్టం సంగతి నేను చూసుకున్నాను గానీ సూపరింటెండెంటుగారు తలుపుకి అడ్డంగానే ఉన్నారు. దుర్మార్గంగా కాదు, పాపం ఆయనకీ చెమటలు పడుతున్నాయి. ఒక్కరికి సడలిస్తే కార్యక్రమం మొత్తం చెల్లకుండా పోవును అంటున్నారు. అప్పుడు మా ఆయన మెట్లెక్కి, నూటనాలుగుకి తగ్గకుండా ఆయాసపడుతూ, జేబులోంచి మూడో సర్క్యులర్ తీశారు.

“పదకొండో పేరా చూడండి సార్. ‘సదరు తేదీకి పూర్వమే ప్రసవము సంభవించినచో సాధారణ నియమములు వర్తించును’ అన్నారు. గర్భవతికి నెలలు నిండకుండా ప్రసవం అవొచ్చుగా. మా కోడలికి ఇప్పుడే అయిందని రాసుకోండి.”

సూపరింటెండెంటుగారు కాయితం తీసుకుని చదివారు. ఆయన ముఖంలోకి నెత్తురు తిరిగొచ్చింది. ముందస్తు ప్రసవమును వైద్యశాస్త్రము అంగీకరించుచున్నదన్నారు. అలా మా హరిణి ఉదయం పదకొండుంబావుకి, వార్డు తలుపు దగ్గర, పట్టుచీరలో, నిలబడి ప్రసవించింది. సిస్టర్ సలోమి రిజిస్టర్లో ‘తల్లి క్షేమం, పిల్ల క్షేమం’ అని గబగబా గీకి, తల్లిని మోచేతుల దాకా సబ్బుతో కడిగించి లోపలికి తీసుకుపోయింది. మిగతా తల్లులు మెట్ల మీద వరుసలో నిలబడి గాజులు తీసేసుకుంటున్నారు. మధ్యాహ్నం అన్నాల వేళకి ఆ ఆసుపత్రిలో పద్నాలుగు కాన్పులు జరిగాయి.

బ్యాడ్జీ ఉంది కాబట్టి నన్ను కూడా చేతులు కడిగించి లోపలికి రానిచ్చారు. స్పీకర్ల వైరు సిస్టర్ ఎప్పుడో పీకేసింది. పాత కుర్చీ పాత చోటుకొచ్చింది. పిల్ల తల్లి గుండె మీద బోర్లా పడుకుని, ఒక చెయ్యి బయటికి చాపి, నాలుగు వేళ్ళతో ఆమె చర్మం పట్టుకుంది. తెర మీద లెక్కలు ఇంకా ఎగురుతున్నాయి. పదిహేను నిమిషాలు చూశాను. ఇరవై నిమిషాలు చూశాను. అప్పుడు నెమ్మదించాయి. నేను ఊపిరి తీసుకున్నాను, మా వంశంలో ఆ మతిమరుపు ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది.

సూపరింటెండెంటుగారు ఒక ఫారం పట్టుకుని మునివేళ్ళ మీద వచ్చారు. నెలలు నిండకుండా ప్రసవం జరిగితే కారణం రాయాలట, రాయకపోతే ఆ ప్రసవం చెల్లదట. రక్తపోటు, ఇన్‌ఫెక్షన్, పడిపోవుట, ఇతరములు అని నాలుగు గళ్ళున్నాయి. సాంకేతిక కారణములు అని రాద్దామా అలివేలుగారూ అని గుసగుసగా అడిగారు. ఆయన కళ్ళలోకి చూస్తే జాలేసింది. ఆయన రాసుకున్నది నేను చెప్పిందే.

ఇతరములు దగ్గర సలహాదారు తప్పిదం అని రాయండన్నాను. తప్పిదము అను పదమునకు మన దగ్గర కోడ్ లేదండీ అన్నారాయన. అయితే రాయకండి, చెబుతాను అని హరిణి కుర్చీ పక్కన వంగాను. నా గొంతు ఎటు పోయిందో తెలీలేదు. ఇందాక పాటకి బాగానే పలికింది.

“హరిణీ, నాదే పొరపాటు.”

తను కళ్ళు తెరవలేదు. పెదవి కొస మాత్రం కొద్దిగా కదిలింది. రెండేళ్ళుగా ఈ అమ్మాయికి హాస్యం లేదనుకుంటున్నాను నేను.

“కాస్త వినబడేలా చెప్పండత్తయ్యా. సార్ కూడా అక్కడే ఉన్నారు.”

సిస్టర్ సలోమి నా వంక చూసింది. చప్పుడు చేయకూడని వార్డది. చేయకూడదని చెప్పింది కూడా నేనే. ఆవిడ ఒక్కసారికి అన్నట్టు తలూపి, పక్క పెట్టె మీద చీరముక్క సర్దుకోసాగింది. నేను నిటారుగా నిలబడి, బ్యాడ్జీ తీసి సూపరింటెండెంటుగారి చేతిలో పెట్టి, అందరికీ వినబడేలా చెప్పాను.

“తప్పు నాది. కడుపులో ఉన్నట్టే ఉంచండి అన్నాను. ఆ కడుపు ఎవరిదో మరిచిపోయాను.”